చైనా నుంచి బొడ్రాయికి నీళ్లు

మా కొడుకు బాలరాజు బిడ్డ వర్ష చైనాలో డాక్టరు చదువుకు పోయిన ఏడు, మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో నోరున్న మనుషులంతా నాకు బుద్ధి చెప్పడానికి వచ్చారు. పక్కింటి సుక్కమ్మ అయితే గడప దాటకముందే మొదలుపెట్టింది.

"చైనా మాల్ ఎన్ని దినాలు నడుస్తది వదినె? చైనా డాక్టరు గూడ గంతే గద!"

"నీ చేతుల ఉన్న సెల్లు యాడిదే? దాన్ని చెవికి పెట్టుకునే గద ఊరందరి ముచ్చట్లు జెప్తవు," అన్నాను.

నేను రెండో తరగతి దాటలేదు గానీ, మనిషిని చూస్తే గుణం చెప్పగలను. వర్ష ఒక మాట పట్టుకుందంటే విడవదు. చిన్నప్పుడు బర్రె దగ్గర ఉండమంటే, వానకు బర్రె ఇంటికి వచ్చేసింది, ఇది మాత్రం అక్కడే తడుస్తూ నిలబడింది.

రెండు వేల ఎనిమిదిలో ఆమె చలికాలం సెలవులకు వచ్చేసరికి ఊళ్లో కొత్త బొడ్రాయి నిలబెట్టే సంబరం నడుస్తోంది. ఊరి నడుమ పాతే ఆ రాయికి ఊరి ఆడపిల్లలంతా, అత్తగారిళ్ల నుంచి కూడా వచ్చి, తలా ఒక బిందె నీళ్లు పోయాలి. పోసిన పిల్ల పేరు పెద్దమనిషి గౌరయ్య ఎత్తి పిలుస్తాడు, డప్పు మోగుతుంది. వర్ష ఇత్తడి బిందె తళతళలాడేలా తోమిపెట్టుకుంది. తీరా ముహూర్తం ఆమె కాలేజీ తెరిచిన మర్నాటికి పడింది. అక్కడ ఒక సబ్జెక్టు తప్పింది. కాలేజీ తెరిచిన రోజే దానికి మళ్లీ పరీక్ష. రాయకపోతే ఏడాది పోతుంది.

గౌరయ్య దగ్గరికి నేనే పోయాను.

"బావా, పిల్లకు బదులు నేను పోస్త. దాని పేరు పిలువు."

"ఎట్ల పిలుస్తనే బుచ్చమ్మా? ఎవరి నీళ్లు వాళ్లే పొయ్యాలె."

"అయితె నా మనుమరాలు ఊరి బిడ్డ కాదా?"

"గట్లంటినా నేను? ముహూర్తం నేను పెట్టిన్నా?"

ప్రయాణం నాడు వర్ష పరీక్షకు భయపడి ఏడవలేదు, ఆ బిందె చూసి ఏడ్చింది. ఆమె చున్నీ కొసకు పసుపు కుంకుమ ముడివేస్తూ విసుక్కున్నాను.

"ఏడ్వకే! గాడ చైనాల రాళ్లు లేవా? దేనికో ఒకదానికి నీళ్లు పొయ్యి."

ఏదో నోటికి వచ్చింది అన్నాను. ఎవరితో అంటున్నానో చూసుకోవద్దూ!

ముహూర్తం నాడు బొడ్రాయి దగ్గర బిందెల వరస సగమయ్యేసరికి బాలరాజు సెల్లు పట్టుకుని ఉరికొచ్చాడు.

"అవ్వా, పోసిన!" వర్ష గొంతు.

"ఏంది పోసినవే?"

"నీళ్లు. హాస్టలు గేటు కాడ రాతి సింహం ఉన్నది. పసుపు రాసి, బొట్టు పెట్టి పోసిన. గీ వాచ్‌మన్ అవ్వ నేను రంగు పూసిననుకున్నది. బ్రష్షు చేతికిచ్చి, కడిగేదాక కదలొద్దంటాంది. మస్తు తిడుతాంది, అచ్చం నీలెక్కనే!"

"పరీక్ష?"

"నిన్న మంచిగనే రాసిన. గౌరయ్య తాత నా పేరు పిలుస్తడా, అవ్వా?"

నేను సెల్లు తీసుకుపోయి, వర్ష అక్కడ నీళ్లు పోసిందని చెప్పి గౌరయ్య చెవికి ఆనించాను. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, చైనా దాకా వినబడాలన్నట్టు అరిచాడు.

"బిడ్డా, ఎన్ని నీళ్లు పోసినవే?"

"బకెట్టు మీద బకెట్టు పోస్తనే ఉన్న తాతా. పసుపు పోతలేదు!"

"ఎవరి నీళ్లు వాళ్లే అన్నవు గద బావా, పోసింది," అన్నాను.

గౌరయ్య వరసలో ఉన్న ఆడపిల్లల వైపు తిరిగాడు. "ఒక్క బిందెకే నడుములు పట్టుకుంటున్నరు మీరు," అని, సెల్లు చెవి నుంచి తీయకుండానే గొంతెత్తాడు.

"బాలరాజు బిడ్డ వర్షా!"

డప్పు మోగింది. సెల్లులో బ్రష్షు గీకే చప్పుడు ఆగిపోయింది.

"ఇనబడ్డదానే?" అని అడిగాను.

"ఇంకోపారి కొట్టుమను అవ్వా. గీ వాచ్‌మన్ అవ్వకు గూడ ఇనిపిస్త."

గౌరయ్య డప్పు వైపు చెయ్యి ఊపాడు.