నంబరు లేని నోట్‌బుక్కులు

మా యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవాళ్ళు కూడా పరిశోధన చెయ్యాలన్న బుద్ధి పుట్టింది నాకే. అప్పుడు నేను లైబ్రేరియన్ కుర్చీలో కూర్చున్న కొత్త. ప్రతి ఒక్కరూ తమ పనిలోంచి ఒక కొత్త ఆలోచన రాసివ్వాలని, మంచివాటిని సెమినార్‌లో చదివిస్తామని సర్క్యులర్ పంపాను. "పుస్తకాలు సర్దడానికే టైం చాలట్లేదండీ మేడమ్, ఇంక రీసెర్చేంటండీ" అని కౌంటర్‌లో నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. గడువు దాటినా ఒక్క కాగితం రాలేదు.

చివరికి వచ్చింది ఒక్క అటెండరు గారే. హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలున్నాయి. అందరిలాగే నేనూ ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. పురికొసతో కట్టిన ఐదు లాంగ్ నోట్‌బుక్కులు నా టేబుల్ మీద పెట్టి నిలబడ్డారు.

"పిల్లలు అడిగి, దొరక్క వెళ్ళిపోయిన పుస్తకాలు మేడమ్ గారూ. వాళ్ళు ఏ మాటతో అడిగితే ఆ మాటే రాశానండి. రొయ్యల జబ్బులంటారు వాళ్ళు. మన కంప్యూటర్లో ఆ మాట ఉండదు, పుస్తకం మాత్రం రాక్‌లోనే ఉంటది. ఏ రాకో పక్కనే రాశాను. వాళ్ళ మాటలు కూడా కంప్యూటర్లో ఎక్కిస్తే బాగుంటదేమోనండి."

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారు?"

"పన్నెండేళ్ళయిందండి."

"చదివి చెబుతాను. సెమినార్‌లో మీరే చదవాలి బాబాయిగారూ."

"నేనా అండీ!" ఆయన మొహం విప్పారింది. "అయితే తెల్లచొక్కా ఒకటి కుట్టించుకోవాలి."

ఆ కట్ట నా బీరువా మీదికెక్కింది. రోజూ పొద్దున ఫైళ్ళు తెచ్చినప్పుడు ఆయన ఒకసారి తలెత్తి బీరువా వైపు చూసేవారు. అడిగేవారు కాదు. నాకు తీరిక లేకపోవడం ఒక వంక మాత్రమే. అటెండరు రాసినదాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను. అదే ఇంగ్లీషులో, టైపు చేసి, గ్రాఫులతో వచ్చి ఉంటే ఆ పూటే చదివేదాన్ని. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

రెండు నెలలకి తనిఖీ కమిటీ వస్తోందని కబురు. లైబ్రరీలోకి వచ్చే ప్రతి పుస్తకానికీ మేం ఒక నంబరు వేస్తాం. నంబరు లేనిది మా లెక్కలో లేనట్టే. "నంబరు లేని కాగితం ఒక్కటి కనబడినా ఊరుకోను, అన్నీ తీసేయండి" అని కేకలేసి, కమిటీవాళ్ళని తీసుకురావడానికి గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లైబ్రరీ అద్దంలా ఉంది. మురిసిపోయాను.

"మీ సిబ్బంది పరిశోధనేమైనా చేస్తున్నారా?" అని కమిటీ పెద్ద అడిగారు. నాకప్పుడు గుర్తొచ్చింది. గొప్పగా తలెత్తి చూస్తే బీరువా పైన ఏమీ లేదు. బాబాయిగారిని పిలిచి అడిగాను.

"పాత కాగితాలతో వెళ్ళిపోయాయండి. నేనే ట్రాలీ ఆటోలో వేశాను."

కమిటీ వెళ్ళాక ఆయన మీద అరిచాను. అవును, నేనే అరిచాను. "మీ నోట్‌బుక్కులని తెలిసి ఎలా వేశారు? ఒక్క మాట అడగొచ్చుగా!"

ఆయన తలెత్తి ఖాళీ బీరువా పైకి చూశారు.

"నేను వేసిన ముడి వేసినట్టే ఉందమ్మా" అన్నారు.

ఎప్పుడూ మేడమ్ గారూ అనే మనిషి ఆ రోజు అమ్మా అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఆటోనగర్‌లో పాత కాగితాలు కొనే కొట్లన్నీ తిరిగాను. మూటలు అప్పటికే లారీకెక్కి వెళ్ళిపోయాయన్నారు. మళ్ళీ రాద్దాం, నేను కూర్చుని రాస్తాను, మీరు చెప్పండి అని బతిమాలాను. "గుర్తుండవనేగా అమ్మా రాసుకుంది" అన్నారు. ఆఖరి రోజున తెల్లచొక్కాలో వచ్చి, దండ వేయించుకుని, అందరికీ నమస్కారం పెట్టి బస్సెక్కారు.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. చేపల చెరువులో నీళ్ళు పాడైతే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం కావాలంది. వాళ్ళ నాన్న చెరువట. కంప్యూటర్లో నాలుగు రకాలుగా కొట్టి చూశాను. ఆ పుస్తకం ఏదో ఒక రాక్‌లో ఉండే ఉంటుంది.

"లేదమ్మా" అన్నాను.