ఎదుటివాడి స్టూలు

దశరథరామయ్యగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరైనా కారుకి కొత్త హెడ్‌లైట్లు వేయించుకుంటే చాలు, ఆ మనిషిని అదే కారు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు వేసి, ఒక్క నిమిషం చూడమంటారు. జగ్గయ్యపేటలో ఇంకో పెద్దమనిషి అయితే వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిస్తాడు, కాస్త గొప్పవాడైతే కాఫీ ఇస్తాడు. ఈయన స్టూలిస్తారు.

ఈ జబ్బు వల్ల నష్టపోయినవాడు ఊరంతట్లో జయరాజ్ ఒక్కడే. ముక్త్యాల రోడ్డులో ఆటో ఎలక్ట్రికల్స్ షాపు అతనిది. కార్లకి బల్బులు మార్చడం, హారన్లు బిగించడం, తెగిన వైర్లు అతకడం అతని పని. షాపు అతనిదే గాని గది రామయ్యగారిది. పప్పుల వ్యాపారం కొడుక్కి అప్పజెప్పాక ఆయనకి పగలంతా ఖాళీ. ఆ ఖాళీ అంతా తెచ్చి జయరాజ్ షాపులో పోస్తారు. గది సొంతదారుణ్ణి అదే గదిలోంచి బయటికి పొమ్మనడం ఎలాగో జయరాజ్‌కి ఇప్పటిదాకా తట్టలేదు.

లైట్ల పట్టింపు ఆయనకి ముందునుంచీ ఉంది. స్టూలు మాత్రం నిరుడు క్రిస్మస్ ముందు మొదలైంది. అంతకుముందు తన పాత మారుతితోనే సరిపెట్టుకునేవారు. ఎదురుగా ఏది వచ్చినా లైటు దించుతారాయన. లారీకి దించుతారు, బస్సుకి దించుతారు, లైటే లేని సైకిలుకీ దించుతారు. గేదెల మంద వస్తే దించి, కారు పక్కకి తీసి, అన్నీ దాటేదాకా ఆగుతారు. నందిగామలో ఉన్న కూతురు పరిమళ ఇంటికి ముప్పావుగంట ప్రయాణం. సాయంత్రం పూట ఆయన బయల్దేరితే గంటన్నర.

“నిన్న చంద్రుడికి కూడా దించారయ్యా,” అని ఒకరోజు ఆయన భార్య బాలామణిగారు షాపుకొచ్చి జయరాజ్‌తో చెప్పింది. “రోడ్డు చివర పున్నమి చంద్రుడు లేస్తుంటే టక్కున దించారు. లారీ అనుకున్నారంట. పోనీ, ఆయనేమన్నా తిరిగి దించాడా అని అడిగా.”

“దించుతాడే. ఆయనకి పదిహేను రోజులు పడుతుంది,” అన్నారు రామయ్యగారు శాంతంగా.

అలాంటి మనిషి చేతికి స్టూలు దొరికింది.

మొదట దొరికినవాడు ఓంకార్ అనే కుర్రాడు. కొత్తగా కారు కొన్నాడు. ఎల్‌ఈడీ బల్బులు కావాలి, రాత్రి పగలైపోవాలి అన్నాడు. జయరాజ్ బిగించాడు. రామయ్యగారు షట్టరు సగం దించి, గదిని చీకటి చేసి, స్టూలు వేశారు.

“కూర్చో నాయనా. నీ కారే కదా, భయమెందుకు?”

నిమిషం తర్వాత ఓంకార్ లేచి, తడుముకుంటూ వెళ్ళి, గుమ్మం దగ్గర వదిలిన చెప్పుల్లో ఒకటి తనదీ ఒకటి రామయ్యగారిదీ వేసుకున్నాడు. బల్బులు అక్కడే విప్పించి, పాతవే పెట్టించుకుని పోయాడు. చెప్పు మర్నాడు తెచ్చిచ్చాడు.

తర్వాత రత్తయ్య. చందర్లపాడులో రైతు, ట్రాక్టరుకి పెద్ద లైట్లు కావాలని అంత దూరం నుంచి వచ్చాడు. స్టూలు మీద హాయిగా కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“ఇంకా ఎంతసేపు మూసుకోవాలండి?”

“మూసుకోవడం కాదయ్యా, చూడాలి.”

“ఈ లైటుని కళ్ళు తెరిచి ఎవడు చూస్తాడండి?”

“నీ ఎదురుగా వచ్చేవాడు చూస్తాడు. వాడు మూసుకుంటే ఏమవుతుందో చెప్పు.”

రత్తయ్య చాలాసేపు ఆలోచించి, టీ తాగి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పేది అబద్ధం కాదని జయరాజ్‌కి తెలుసు. పసుపు బల్బు కోసం చేసిన దీపంలో ఎల్‌ఈడీ దూరిస్తే, రోడ్డు మీద పడాల్సిన వెలుతురు చెట్ల కొమ్మల మీదా ఎదుటివాడి మొహం మీదా పడుతుంది. ఆ సంగతి రామయ్యగారు ప్రతి బేరంలోనూ, జయరాజ్ నోట్ల మీద చెయ్యి వెయ్యబోయే క్షణంలోనే చెబుతారు. ముందు అద్దం తోమించుకో నాయనా, సగం వెలుతురు ఆ మురికిలోనే ఉంది అంటారు. గోడ మీద సుద్దతో గీత గీసి, కారుని దూరంగా నిలబెట్టి, వెలుతురు గీత దాటకుండా ఎత్తు సరిచెయ్యమంటారు. ఇవన్నీ మంచి మాటలే. మంచి మాటలకి గిరాకీ ఉండదు. ఏడాది గడిచేసరికి జయరాజ్ షాపు ముందు కార్లు పలచబడ్డాయి.

అప్పుడొచ్చింది సాయిప్రసాద్ కబురు. ముక్త్యాలలో ట్రావెల్స్ నడుపుతాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగుల్ని షిఫ్టులకి తిప్పే పన్నెండు కార్లున్నాయి అతనికి. అన్నిటికీ లైట్లు మార్పించి, ఏడాది పొడుగునా రిపేర్లు కూడా ఒకరికే అప్పజెబుతాడట. ఆ పని దొరికితే జయరాజ్ షాపు నిలుస్తుంది. దొరక్కపోతే భార్య బేబినీ, ఏడో తరగతి చదివే కూతురు కృపాజ్యోతినీ ఇక్కడ వదిలి, హైదరాబాదులో ఏదో షోరూములో జీతానికి చేరాలి. అక్కడివాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు కూడా.

గురువారం సాయంత్రం అయిదింటికి సాయిప్రసాద్ వస్తానన్నాడు. జయరాజ్ ఆ పొద్దునే బాలామణిగారి దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మగారూ, ఈ ఒక్క సాయంత్రం అయ్యగారు ఊళ్ళో ఉండకూడదండి.”

ఆవిడ ఎందుకని అడగలేదు. “నందిగామలో మా పరిమళ రమ్మంటోందని చెబుతా. నాలుక్కల్లా తోలుకుపోతా,” అంది.

నాలుగింటికి మారుతి జయరాజ్ షాపు ముందు నుంచే నందిగామ వైపు వెళ్ళింది. కిటికీలోంచి బాలామణిగారు చెయ్యి ఊపింది. జయరాజ్ స్టూలు తీసి, గది మూల పాత బ్యాటరీల వెనక దాచాడు.

సాయిప్రసాద్ అయిదింటికే వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, చేతిలో రెండు ఫోన్లు. నమూనాగా తన కారుకి ఎల్‌ఈడీలు బిగించి చూపించమన్నాడు. జయరాజ్ బిగించి, షట్టరు సగం దించి, స్విచ్చి వేశాడు. ఎదురుగా గోడ, దాని మీది కేలండరులో తారీఖులు చదవలేనంత తెల్లగా మెరిసింది.

“ఇదీ లైటంటే. పన్నెండింటికీ ఇవే వేసెయ్,” అన్నాడు సాయిప్రసాద్.

షట్టరు కింద నుంచి రెండు కాళ్ళు కనిపించాయి. తర్వాత రామయ్యగారు వంగి లోపలికొచ్చారు.

“జయరాజూ, ఎడమ బల్బు పోయింది నాయనా. సగం దారిలో లైటు వేసి, దిగి చూసుకోబట్టి సరిపోయింది. ఒంటి లైటుతో పోతే ఎదుటివాడు మోటార్‌సైకిల్ అనుకుని మీదకొచ్చేస్తాడు. అందుకని వెనక్కి తిప్పా.” అంటూనే వెలుగుతున్న కారు వైపు తిరిగారు. “స్టూలేదీ?”

“లేదండి,” అన్నాడు జయరాజ్.

“బ్యాటరీల వెనక కాలు కనిపిస్తోంది,” అని ఆయనే వెళ్ళి తెచ్చుకున్నారు. “కూర్చో బాబూ. ఒక్క నిమిషం.”

సాయిప్రసాద్ ఇదేదో షాపు మర్యాద అనుకుని కూర్చున్నాడు. పది క్షణాల్లో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏంటిది పెద్దాయనా?”

“నీ కారుకి ఎదురొచ్చేవాడి సీటు బాబూ. నువ్వు పన్నెండు కొంటున్నావంట కదా.”

సాయిప్రసాద్ లేచాడు. స్టూలు పడిపోయింది. “నేను బల్బులు కొనడానికి వచ్చా, పరీక్ష రాయడానికి కాదు. విజయవాడలో బోలెడు షాపులున్నాయి. ఎవడూ నన్నిలా కూర్చోబెట్టడు.” బల్బుల డబ్బు బెంచీ మీద పడేసి, షట్టరు ఎత్తి, ఆ తెల్లని లైట్లతోనే వెళ్ళిపోయాడు.

జయరాజ్ గొంతు పైకి లేవలేదు. అదే ఎక్కువ కటువుగా వినిపించింది. “మీకిది సరదాగా ఉందండి. నాకిది తిండి. రేపట్నుంచి మీరు షాపుకి రావద్దండి రామయ్యగారూ. గది ఖాళీ చెయ్యమంటే చేస్తా.”

రామయ్యగారు స్టూలు నిలబెట్టి, దాని మీద దుమ్ము దులిపారు. “రానులే నాయనా. గదెందుకు ఖాళీ చెయ్యడం,” అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. “ఆ ఎడమ బల్బు మాత్రం వేసి పంపు. చీకటి పడుతోంది, ఆవిడ కార్లో ఉంది.”

జయరాజ్ వేసి పంపాడు. గీత మీద ఎత్తు కూడా సరిచూశాడు, అలవాటు కొద్దీ.

ఇంటికెళ్ళి జరిగిందంతా బేబికి చెప్పాడు. “ఇంక రావద్దన్నా. మొహం మీదే అన్నా,” అన్నాడు. బేబి చేస్తున్న పని ఆపేసింది.

“ఏమండి, నిరుడు నా మోచెయ్యి కొట్టుకుపోయింది గుర్తుందా?”

“వీధి కుళాయి దగ్గర జారావుగా.”

“జారలేదు. ముక్త్యాల చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుని స్కూటీ మీద వస్తున్నా. కల్వర్టు మలుపులో ఎదురుగా తెల్ల లైట్లు పడ్డాయి. ఏమీ కనిపించలేదు. పత్తిచేలోకి దిగిపోయా. వెనకాల వస్తున్న రామయ్యగారే నన్ను లేపారు. ఆ కారువాడు కూడా ఆగాడు, పాపం. వాడి వెనకద్దం మీద మన షాపు స్టిక్కరుంది.”

జయరాజ్ మంచం అంచున కూర్చున్నాడు.

“నేను ఇంటికి రాగానే చెబుదామనుకున్నా. ఆయనే వద్దన్నారు. ‘జయరాజ్‌కి చెప్పకమ్మా, వాడు చేసిన పని మీద వాడికే భయం పట్టుకుంటుంది, మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టుకోలేడు. ఆ బల్బుల సంగతి నేను చూసుకుంటాలే’ అన్నారు. మర్నాడే స్టూలు తెచ్చి మన షాపులో వేశారు.”

“ఇన్నాళ్ళూ నేను ఆయన్ని...”

“నన్నేమన్నా తిట్టాలంటే తిట్టండి. ఆయన్ని మాత్రం తీసుకురండి.”

తెల్లారి ఏడింటికి జయరాజ్ రామయ్యగారి ఇంటి ముందు బండి ఆపాడు. బాలామణిగారు ముగ్గేస్తోంది.

“లేరయ్యా. ఆరింటికే ముక్త్యాల వెళ్ళారు, ఆ ట్రావెల్సు అబ్బాయికి క్షమాపణ చెప్పాలంట. నలభై ఏళ్ళ కాపురంలో నాకొక్కసారి చెప్పలేదు.”

జయరాజ్ ముక్త్యాల చేరేసరికి సాయిప్రసాద్ యార్డులో డ్రైవర్లంతా గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో రామయ్యగారు గొంతుక్కూర్చుని, సుద్దతో నేల మీద రోడ్డు గీశారు. దాని మీద ఈ చివరి నుంచి ఆరు గులకరాళ్ళు, ఆ చివరి నుంచి ఆరు.

“షిఫ్టు మారేటప్పుడు నీ కార్లు ఆరు పోతుంటాయి, ఆరు వస్తుంటాయి. ఉన్నది ఒకటే రోడ్డు. ఎదుటివాడు, ఎదుటివాడు అంటే నీకు కోపం వచ్చింది కదా బాబూ. ఎవడు వాడు? నీ ప్రేమదాసే.”

ప్రేమదాసు అనే డ్రైవరు తల ఊపాడు. “నిజమే సార్. నిన్న మీ కారే ఎదురొచ్చింది. నేను రోడ్డు దిగి ఆపేసుకున్నా. మీరని తెలీక ఒక మాట కూడా అన్నా.”

“ఏమన్నావ్?” అన్నాడు సాయిప్రసాద్.

“వద్దులెండి సార్.”

డ్రైవర్లు నవ్వారు. సాయిప్రసాద్ గులకరాళ్ళని కాసేపు చూసి, గేటు దగ్గర నిలబడ్డ జయరాజ్‌ని పిలిచాడు.

“కంపెనీ పసుపు బల్బులే వెయ్యి. అద్దాలు తోము, ఎత్తు సరిచెయ్యి, ఏడాది పని నువ్వే చూసుకో. నా కారు నుంచి మొదలుపెట్టు. ఒక్కటే షరతు. ఈ పెద్దాయన్ని నీ షాపులోనే ఉంచుకోవాలి. పొద్దున ఆరున్నరకే వచ్చి క్షమాపణ చెప్పి, అక్కణ్ణుంచి గంటసేపు క్లాసు పీకారు. రోజూ ఇటొస్తే నా బళ్ళు కదలవు.”

“ఉంచుకుంటానండి,” అన్నాడు జయరాజ్.

బయటికొచ్చాక రామయ్యగారు తన కారు ముందద్దం తుడవడం మొదలుపెట్టారు. జయరాజ్ పక్కన నిలబడ్డాడు. నిన్నటి మాట ఎత్తకుండా, “పన్నెండు కార్లండి. ఒక్కణ్ణే చూసుకోలేను. పదింటికి రండి,” అన్నాడు.

“వస్తాలే.” ఆయన ఇటు చూడకుండానే అడిగారు. “బేబి ఏమన్నా చెప్పిందా?”

“చెప్పిందండి.”

గుడ్డ ఆగిపోయింది. “ఏమని?”

“ఆదివారం మధ్యాహ్నం మిమ్మల్నీ అమ్మగారినీ భోజనానికి పిలవమందండి.”

“అంతేనా?”

“ఇంకేముంటుందండి?”

రామయ్యగారు జయరాజ్ మొహంలోకి పరీక్షగా చూశారు. జయరాజ్ బండి తాళం వెతుక్కుంటున్నాడు. ఆయన నిమ్మళంగా గుడ్డ మడిచి కార్లో పెట్టారు.

“కూరేంటంట?”

“గుత్తొంకాయండి.”

“నాకెంత కారమైనా పర్లేదు. మా బాలామణి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. కాస్త చూసి వెయ్యమను.”