ఒకే బెంచీ మీద నలుగురు

పుంగనూరుకు రైలు లేదు. రైలెక్కాలంటే ఒకపక్క కుప్పం పోవాలి, లేదంటే ఇంకోపక్క మదనపల్లె దాటి, ఊరికి ఎక్కడో దూరంగా ఉన్న స్టేషనుకు పోవాలి. అయినా డెబ్బైల చివర్లో మా ఊళ్ళో ఒక రైల్వే స్టేషను ఉండేది. ప్లాట్‌ఫారం, టికెట్ల కిటికీ, టీ అంగడి, వేపచెట్టు కింద ఒక బెంచీ. రోజుకు ఒకే రైలు, సాయంత్రం నాలుగూ పదికి. అదంతా ఒక డ్రాయింగు కాగితం మీద.

ఆ స్టేషను కట్టింది నలుగురు: మా ఊరి లైబ్రరీ సారు, హైస్కూల్లో డ్రాయింగు చెప్పే అయ్యవారు, పోస్టాఫీసు గుమాస్తా, ఆసుపత్రి కాంపౌండరు. నలుగురికీ కథల పిచ్చి. పత్రికలకు పంపిన కథలు పోయిన దారినే తిరిగొచ్చేవి. ఇంక మన కథలు మనమే వేసుకుందామని లైబ్రరీ సారు తేల్చేశారు. అచ్చు కాదు, చేతిరాతతో ఒకే ఒక ప్రతి. దాన్ని లైబ్రరీ బల్ల మీద పెడితే ఊరంతా చదువుతుంది. అన్నీ ప్రేమకథలే కావాలి, అన్నీ ఒకే చోట జరగాలి.

ఆ చోటు దగ్గరే పేచీ వచ్చిందట. ఊళ్ళో ఏ వీధి పెట్టినా, ఆ వీధిలో ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు కర్రలు పట్టుకొని వస్తారని కాంపౌండరు భయపడ్డాడు. అందుకని ఊళ్ళో లేనే లేని చోటు పెట్టుకున్నారు. లేని స్టేషను గురించి ఎవరు కొట్లాటకొస్తారు? డ్రాయింగు అయ్యవారు మూడు ఆదివారాలు కూర్చొని ప్లాను గీసి, దాన్ని చూసి తలా ఒకటి రాసుకోమన్నారు. ఎక్కువ రైళ్ళు పెడితే కథలు కలగాపులగం అవుతాయని రైలును ఒకటితో సరిపెట్టారు. ఇంకో షరతు కూడా పెట్టుకున్నారు. పుస్తకం తయారయ్యేదాకా ఎవరి కథా ఎవరికీ చూపించకూడదు. చూపిస్తే కాపీ కొడతారని ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం.

కథలన్నీ ఒకే చేతిరాతలో తిరగరాసి ఫెయిరు చేసే పని నాది. లైబ్రరీ రిజిస్టర్లో నా చేతిరాత చూసి సారు మా ఇంటికొచ్చి అడిగారు. మా నాయన శెనక్కాయలు పండించే మెట్ట రైతు. కథలంటే ఆయనకు పట్టదు. "ఇంట్లో కూసోని రాసేదే గదా, రాయనీ" అని ఒప్పుకున్నాడు.

ఇంట్లో కూర్చోవడమే అప్పుడు నా ఉద్యోగం. నాకు ఇరవై రెండేళ్ళు. గుడుపల్లె దగ్గర ఉండే మా మేనత్త కొడుక్కు నన్ను ఇవ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్నారు. బావ బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఈ శ్రావణానికి అనుకున్న పెళ్ళి వచ్చే మాఘానికి, మాఘంలో అనుకున్నది మళ్ళీ శ్రావణానికి వాయిదా పడుతూ మూడేళ్ళయింది. వేరే సంబంధం గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. మదనపల్లె పోయి టీచరు ట్రైనింగులో చేరతానంటే, "పెండ్లయినాంక వాళ్ళిష్టం" అనేవాడు నాయన. బావ మనసులో ఏముందో నాయన అడగడు, అత్త ఆ మాటే ఎత్తదు, నేను అడగకూడదు. ఇల్లన్నాక అలాగే ఉంటుందేమో అనుకొని నేనూ ఊరుకున్నాను.

కథలు ఒక్కొక్కటే నా చేతికొచ్చాయి. కాంపౌండరు నాయిక కథ పొడుగునా దగ్గుతుంది. ఆయన మందు పేరు కూడా రాశాడు, పూటకు ఎన్ని చెంచాలో సహా. గుమాస్తా నాయికకు పదిహేడు ఉత్తరాలొస్తాయి. వాటిలో ఏముందో తక్కువ, వాటి మీద ముద్ర ఎలా పడిందో ఎక్కువ. డ్రాయింగు అయ్యవారి నాయికకు కళ్ళు తప్ప ఇంకేమీ లేవు, మూడు పేజీలూ కళ్ళే. లైబ్రరీ సారు నాయిక టీ అడిగినా గ్రాంథికంలోనే అడుగుతుంది. నేను నవ్వుకుంటూ రాస్తూ పోయాను.

మూడో కథ సగంలో నవ్వు ఆగింది. ఆ అమ్మాయి రోజూ వచ్చి వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంటోంది, నాలుగూ పది రైలు కోసం. పట్నం పోయినవాడు దిగుతాడని. ఇది ఇంతకుముందే రాసినట్టుందే అని వెనక్కి తిప్పి చూశాను. మొదటి అమ్మాయీ అక్కడే కూర్చుంది. రెండో అమ్మాయీ అక్కడే. నాలుగో కథ వచ్చాక చూస్తే అదీ అంతే. నలుగురు మగవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు నలుగురు ఆడపిల్లల్ని తెచ్చి, ఒకే బెంచీ మీద, ఒకే పూట కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. పైగా నాలుగు కథల్లోనూ ఆ ప్లాట్‌ఫారం మీద ఆమె ఒక్కతే అని రాసి ఉంది.

పోయి లైబ్రరీ సారుకు చెప్పాను. "సార్, మీ అమ్మాయి ఒక్కతే లేదు సార్. ఇంకా ముగ్గురుండారు."

ఆయన మొదట నవ్వారు. తర్వాత అద్దాలు తుడుచుకొని మిగతా ముగ్గురికీ కబురు పెట్టారు. లైబ్రరీకి సెలవు రోజున నలుగురూ చేరారు, నేను కాగితాలు పట్టుకొని ఒక మూల నిలబడ్డాను.

"ఇంకో మూడు బెంచీలు వేస్తే సరిపాయె" అన్నాడు గుమాస్తా.

"నేను ప్లాను మార్చేదిల్యా. మూడు ఆదివారాలు పట్టింది నాకు" అన్నారు డ్రాయింగు అయ్యవారు.

"అయితే మీ పిల్లను పొద్దున రమ్మని సెప్పండి."

"పొద్దున యాల వస్తాదప్పా? రైలు సాయంత్రం గదా!"

ఇలా చాలాసేపు సాగింది. ఎవరూ తమ పిల్లను బెంచీ మీద నుంచి లేపడానికి ఒప్పుకోలేదు. చివరికి నలుగురూ కలిసి నా వైపు తిరిగారు. "నువ్వే ఎట్లనో ఒకట్ల సర్దమ్మా. యాడన్నా రెండు వాక్యాలు చేర్చు" అన్నారు లైబ్రరీ సారు. సరేనని వచ్చేశాను.

రెండు వాక్యాలతో అయ్యే పని కాదది. వాళ్ళ కథల్లో వేలు పెట్టకుండా నేనే అయిదో కథ మొదలుపెట్టాను. అందులో నలుగురమ్మాయిలూ అదే బెంచీ మీద సర్దుకొని కూర్చుంటారు. మొదట ఒకరినొకరు ఓరగా చూసుకుంటారు, నువ్వు జరుగు అంటే నువ్వు జరుగు అంటారు. తర్వాత ఒకమ్మాయి కొంగులో ముడేసుకున్న శెనక్కాయలు విప్పుతుంది. కాయలు ఒలుచుకుంటూ మాటల్లో పడతారు. దగ్గే అమ్మాయికి ఇంకో అమ్మాయి మిరియాల కషాయం చెబుతుంది. గ్రాంథికం మాట్లాడే అమ్మాయి కూడా రెండో పేజీకల్లా మామూలుగా మాట్లాడడం నేర్చుకుంటుంది. కథ రాయడం ఇంత బాగుంటుందని నాకు అంతవరకూ తెలియదు. అన్నం ముందు పెట్టుకొని కూడా రాశాను.

అలా మాట్లాడుకుంటూ ఒకమ్మాయి అడుగుతుంది, "నీ వాడు ఎప్పుడొస్తానన్నాడు?" అని.

"ఏమో, సెప్పలా."

"నువ్వు అడిగినావా?"

అక్కడ నా కలం ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏమని జవాబు చెప్పాలో నాకు తోచలేదు. ఆ మాట నేనే రాసి నేనే భయపడ్డాను. పది రోజులు కాగితాలు ముట్టలేదు. లైబ్రరీ సారు ఎదురుపడి ఎంతవరకు వచ్చిందంటే, అయిపోతా ఉండాది సార్ అని అబద్ధం చెప్పాను.

ఆ వారమే కుప్పం గంగ జాతరకు రమ్మని అత్త కబురు పెట్టింది. నాయనకు మదనపల్లెలో విత్తనాల పని పడి రాలేదు. అమ్మా నేనూ పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాం. బావ శనివారం మధ్యాహ్నం రైలుకు వస్తున్నాడు. జాతరకని చుట్టాలమంతా కుప్పంలోనే, స్టేషనుకు దగ్గరగా అత్త వాళ్ళ బంధువులింట్లో దిగి ఉన్నాం. ఎవరన్నా ఎదురుపోండర్రా అని అత్త అంటే, నేను పోతానన్నాను. ఇంట్లో ఆడవాళ్ళంతా గొల్లుమని నవ్వారు. "పిల్లకు తొందర జాస్తి అయింది" అని ఎగతాళి చేసి, అత్త తన చేత్తోనే నా జడలో ఇంత పొడుగు కనకాంబరాలు పెట్టి పంపింది.

నేను రైల్వే స్టేషను చూడడం అదే మొదలు. ఎన్ని బెంచీలో! పైగా ఎవరూ ఊరికే కూర్చొని లేరు. ఒకామె చింతపండు మూట మీద కూర్చొని బిడ్డకు తల దువ్వుతోంది. ఇద్దరు ముసలమ్మలు అరవంలో పోట్లాడుకుంటున్నారు. ఆ ప్లాట్‌ఫారం మొత్తం మీద పూలు పెట్టుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, పట్టాల వైపు చూస్తూ కూర్చున్నది నేనొక్కదాన్నే. ఆ నలుగురితో కలిపితే అయిదోదాన్ని. నా మీద నాకే ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

రైలు వచ్చింది. బావ సంచీ పట్టుకొని దిగాడు. నన్ను చూసి నవ్వబోయి, వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూశాడు.

"ఎవురూ రాలేదు. నేనే వచ్చినా" అన్నాను. "బావా, ఒక మాట అడుగుతా. నన్ను చేసుకుంటావా, లేదా?"

"ఇది ఈడ అడిగే మాటేనా?"

"ఇంట్లో అయితే నువ్వు సెప్పవు."

అతను సంచీ కింద పెట్టాడు. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. "నీ మీద నాకు కోపమేం లేదు..."

"కోపం ఉండాదా అని అడగలా."

"లేదు. చేసుకోలేను" అన్నాడు, నేల చూస్తూ. "ఆడ ఒకమ్మాయి ఉండాది. మా ఫ్యాక్టరీలోనే. కన్నడమోళ్ళు. అమ్మకు సెప్పను ధైర్యం సాలలా. మామ మొకం ఎట్ల సూసేది అని..."

"మూడేండ్ల నించీనా?"

"ఊఁ."

నాకు ఏడుపు రాలేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది, ఆ అమ్మాయి కోసం నన్ను కాదన్నందుకు కాదు, ఆ ఒక్క మాట చెప్పడానికి మూడేళ్ళు చేసినందుకు. ఆ కోపం వెనకే, ఎవరికి చెప్పినా నమ్మరు గానీ, బ్రహ్మాండంగా ఆకలేసింది. బయట బండి దగ్గర బొరుగులు కొనిపించుకొని తిన్నాను. "పొద్దు మునిగేలోపల మీ అమ్మకు నువ్వు సెప్పు. సెప్పకపోతే నేను సెప్తా" అన్నాను. అతను చెప్పాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. జాతర చూడకుండానే మరుసటి రోజు మేము బస్సెక్కాం. పుంగనూరులో దిగాక అమ్మ ఒక్క మాట అంది. "మీ నాయనకు నేను సెప్పలేను. నువ్వే సెప్పు."

నాయన ఇంకా మదనపల్లె నుంచి రాలేదు. సోమవారం పొద్దునే కూర్చొని కథ ముగించాను. అడిగినావా అన్న మాటకు నలుగురూ లేదనే అంటారు. అనేసి, అయితే పోయి అడుగుదాం పదండని లేస్తారు. టికెట్ల కిటికీ దగ్గరకు పోయి నాలుగు ఊళ్ళకు నాలుగు టికెట్లు తీసుకొని, నాలుగూ పది రైలు ఎక్కేస్తారు.

మంగళవారం లైబ్రరీలో సారు గట్టిగా చదివి వినిపించారు.

"మరి నా హీరో రైలు దిగి ఏం జేస్తాడు?" అన్నారు డ్రాయింగు అయ్యవారు, దిగులుగా.

"టీ తాగుతాడు సార్. అంగడి ఉండాది గదా."

కాంపౌండరు ముందుగా నవ్వాడు, తర్వాత అందరూ. డ్రాయింగు అయ్యవారు మాత్రం ఇంకో అరగంట గొణిగి, చివరికి నా కథకు కూడా బొమ్మ వేస్తానన్నారు. లైబ్రరీ సారు కాగితం తిప్పి చూసి, కింద పేరు లేదేమని అడిగారు. "మా కథలకు మా పేర్లు ఉండాయి గదమ్మా. నీ కథకు నీ పేరు రాయి" అన్నారు. నా పేరు నేనే రాసుకున్నాను.

సాయంత్రానికి నాయన వచ్చాడు. కాళ్ళు కడుక్కొని, విత్తనపు కాయలు వసారాలో పోసుకొని ఒలవడానికి కూర్చున్నాడు. నేనూ పోయి ఎదురుగా కూర్చున్నాను.

"నాయనా, బావ నన్ను చేసుకోడంట. నేనే అడిగినా, కుప్పం స్టేషన్లో."

అరుస్తాడనుకున్నాను. ఆడపిల్లవు, స్టేషన్లో నిలబడి అడుగుతావా అంటాడనుకున్నాను. ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు. "పోయినేడే తెలుసు. బెంగుళూరులో పనిచేసే మనూరాయన సెప్పినాడు. పోయి మీ అత్తను అడుగుదామని రెండుసార్లు బస్టాండు దంకా పోయినా. అడిగితే కాదంటాది. అడక్కుంటే కాదనదు గదా అని తిరుక్కోని వచ్చినా."

ఆ కాయను ఒలవకుండానే కుప్పలోకి వదిలేశాడు.

"నిన్ను కూసోబెట్టింది వాడు గాదు తల్లీ. నేను."

కుప్పంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. మూడేళ్ళుగా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక దాచుకున్నదంతా ఏడ్చేశాను. ఓదార్చడం మా నాయనకు రాదు. నా ఏడుపు అయ్యేదాకా కాయలు ఒలుస్తూ ఉన్నాడు. ఒలిచిన వాటిలో సగం గింజలు నలిగిపోయాయి, విత్తనానికి పనికిరావు. అది చూసి ఆయన ముందున్న చేట నా వైపుకు లాక్కొని నేను ఒలవడం మొదలుపెట్టాను.

"ఇప్పుడేం జేస్తావమ్మా?" అన్నాడు కొంతసేపటికి.

నన్ను ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి.

"మదనపల్లె పోయి ట్రైనింగు సంగతి కనుక్కోనొస్తా నాయనా. రేపే."

తోడు వస్తానంటాడనుకున్నాను. ఒక్కదానివే ఎట్ల పోతావంటాడనుకున్నాను. ఆయన ఒళ్ళో పొట్టు దులుపుకొని లేచాడు.

"ఏడున్నర బస్సుకు పో. ఎండ ఎక్కకముందే చేరతావు" అన్నాడు.