రెండు వేళ్ల ఎడం

పోయిన నెలలో మా వంటింటి అరలు మార్పించుకున్నాం. మార్పించుకున్నాం అనడమే గానీ, రంగు మొదలుకొని పిడుల దాకా అన్నీ మా ఆయనా కోడలూ ఫోనులో చూసి ఖాయం చేశారు, నా వంతుకు వచ్చింది పనివాళ్లకు టీ పెట్టి ఇవ్వడమే. వచ్చిన వడ్రంగి మర్యాదస్తుడు. కోసే మిషను, చిత్రిక పట్టే మిషను, గోడ మీద ఎర్రచుక్క వేసి దూరం ఎంతో చెప్పే చిన్న డబ్బా, అన్నీ వెంట తెచ్చుకున్నాడు గానీ, మా వాకిట్లో బండలు ఎగుడుదిగుడుగా ఉండటంతో కోసే బల్ల మాత్రం నిలకడగా నిలవలేదు. కింద పెట్టడానికి చెక్కముక్క ఏదైనా ఉంటే ఇవ్వమని అతను అడిగితే, మా ఆయన లోపలికి వెళ్లి నా కుట్టుమిషను సొరుగులోంచి ఒకటి తెచ్చి ఇచ్చారు. నేను టీ గ్లాసులతో బయటికి వచ్చేసరికి ఆ ముక్క బల్ల కాలి కింద నలుగుతోంది.

గ్లాసులు కింద పెట్టి, బల్ల ఎత్తించి, దాన్ని తీసుకుని కొంగుతో తుడిచాను. నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో పాపం ఆ వడ్రంగికి అర్థం కాలేదు. చూడటానికి అది జానెడు పొడవున్న చింతచెక్క ముక్క, ఒక కొస మందంగా, ఒక కొస పలుచగా ఉంటుంది, అంతే. మా నాయన దాన్ని వాలుచెక్క అనేవాడు. దాని సంగతి కొత్త మనిషికి చెప్పడానికి మనసు రాలేదు, మా ఆయనకు ఇప్పటికి వందసార్లు చెప్పాను కాబట్టి ఆయన ఇక వినరు, నా ఈడువాళ్లైన మీకైతే చెప్పుకోవచ్చునని ఇలా కూర్చున్నాను.

మాది ఉరవకొండకు అవతల, బస్సు దిగి రెండు మైళ్లు నడవవలసిన ఊరు. నాయన వృత్తికి వడ్రంగి కాదు, వానను నమ్ముకుని ఎర్రనేలలో వేరుశెనగ వేసుకునే రైతు. అయితే మా వైపు వాన రాని రోజులే ఎక్కువ గనుక, ఆ రోజులన్నీ ఆయన పశువుల కొట్టం పక్కన రేకులు కప్పిన చిన్న పాకలో గడిపేవాడు. నేలలో పాతిన మొద్దు ఆయనకు బల్ల. ఉలులు, రంపం, చిత్రిక పట్టే తోపడా, చేత్తో తిప్పే బర్మా, వీటన్నిటికీ ఆముదం రాసి పాత పంచెలో చుట్టి ఉంచేవాడు. ఆ పంచె విప్పితే వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇంటికి కావలసిన పీటలూ, పప్పుగుత్తీ, మంచం కోళ్లూ అన్నీ అక్కడే తయారయ్యేవి. పొయ్యిలోకి చిత్రిక పొట్టు కావాలంటే మాత్రం ఆ పాకలో మనిషి ఉంటాడనీ, మిగతా దేనికి పిలిచినా పలకడనీ మా అమ్మ దెప్పేది.

పాకలో ఆయనకు ఎదురుగా కూర్చునేదాన్ని నేనే. ఆడపిల్ల చేతికి ఉలి ఏమిటని మా అవ్వ సణిగినా, నాయన చెవిన వేసుకునేవాడు కాదు. బెజ్జం వేసేటప్పుడు రెండు వైపులా గీత గీసి, సగం ఇటు నుంచి, సగం అటు నుంచి తొలుచుకుంటూ రావాలనీ, ఒకే వైపు నుంచి గుద్దితే అవతలి ముఖం పెచ్చులు లేస్తుందనీ నాకు పదేళ్లకే తెలుసు. దుంగ కొట్టగానే రెండు కొసలకూ పేడ మెత్తి అటక మీద పడేయాలి, లేకుంటే మా ఊరి గాలికి అది వారం తిరక్కుండానే నెర్రెలు విచ్చుతుంది. బెజ్జంలోకి దిగే కొయ్య బాగా ఎండి ఉండాలి, బెజ్జం ఉన్న దిమ్మెలో మాత్రం ఇంకా కాస్త పచ్చి మిగలాలి, అప్పుడు దిమ్మె ఎండుతూ ఎండుతూ తనంతట తానే కొయ్యను కరిచి పట్టుకుంటుంది. ఊళ్లో జిగురు దొరికే అంగడి లేదు, దాని అవసరమూ మాకు ఎప్పుడూ రాలేదు.

వాలుచెక్క గొర్రు చేయడానికి వాడేది. గొర్రును చూసినవాళ్లు ఈ రోజుల్లో తగ్గిపోయారు కనుక చెబుతాను. అడ్డంగా ఒక దిమ్మె, దానికి కిందికి దిగిన మూడు పళ్లు, పళ్ల వెనక వెదురు గొట్టాలు, పైన విత్తనం వేసే చెక్కగిన్నె ఉంటాయి. ఎద్దులు ముందు లాగుతుంటే ఆడమనిషి వెనక నడుస్తూ గిన్నెలోకి గింజలు వదులుతుంది, ఒకేసారి మూడు సాళ్లు పడతాయి. నడిమి పన్ను నిలువుగా దిగుతుంది, పక్క పళ్లు రెండూ కొంచెం బయటికి వాలి ఉంటాయి. ఆ వాలు రెండు పక్కలా ఒకేలా రావడానికి నాయన వాలుచెక్కను దిమ్మెకు ఆనించి, తాడు చుట్టి, పుల్లతో మెలితిప్పి బిగించి, ఉలిని దానివెంట జార్చేవాడు. సాలుకూ సాలుకూ మధ్య జానెడూ నాలుగు వేళ్లూ ఉండాలి. ఎందుకంటే మొలకలు వచ్చాక ఆ సందుల్లో తోలి కలుపు తీసే గుంటక కూడా అదే లెక్కకు చేసి ఉంటుంది.

రెండు వేలు దాటిన తొలి ఏళ్లలో నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి నాకు పెళ్లయి, అనంతపురంలో ఒక కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా చేస్తున్నాను. సెలవు పెట్టి ఊరికి వచ్చి ఆయన దగ్గర ఉన్న రోజుల్లోనే, ముందటేడు మొహం చాటేసిన వాన ఆ ఏడు సరిగ్గా విత్తే వేళకు కురిసింది. అందరి మొహాలూ వెలిగాయి. మా చిన్నాయన ఎద్దుల్ని కట్టి గొర్రును చేనికి తీసుకువెళ్తుంటే వాగు దాటేచోట బండకు తగిలి, ఏళ్లనాటి దిమ్మె బెజ్జాల వెంబడి నిలువునా చీలిపోయింది. విత్తడానికి నేలలో ఉండే ఆ తడి పదును మూడు రోజులకు మించి ఆగదు. ఊళ్లో ఏ గొర్రూ ఖాళీగా లేదు, ఊరి వడ్రంగి ఎప్పుడో తలుపులూ కిటికీలూ చేసుకోవడానికి అనంతపురం వెళ్లిపోయాడు. గింజలు వొలిచి మూటలు కట్టి ఉన్నాయి. ఆ పదును పోతే మాకు ఆ ఏడు సేద్యం లేనట్టే. నాయన మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

నేను చేస్తానన్నాను. అటక మీద పేడ మెత్తిన నల్లతుమ్మ దిమ్మె ఒకటే ఉంది. పళ్లు పాతవే పనికొస్తాయి. కొత్త దిమ్మెలో బెజ్జాలు ఎంత దూరంలో వేయాలో చూద్దామంటే, పాత దిమ్మె బెజ్జాల దగ్గరే పీచుపీచుగా చీలిపోయి ఉంది. అందుకని నేను చదువుకున్నదాన్ని కదా, పట్నం నుంచి తెచ్చుకున్న ఇనుప టేపు తీసి, విరిగిన గొర్రును తాడుతో బిగించి కట్టి నేల మీద నిలబెట్టి, మట్టికి ఆనుకున్న పళ్ల మొనల మధ్య దూరం కొలిచాను. సరిగ్గా అడుగు ఉంది. ఆ అడుగునే కొత్త దిమ్మె మీద గీసుకుని, బర్మాతో వరసగా తూట్లు వేసి, పక్క బెజ్జాలకు వాలుచెక్క బిగించి, రోజంతా ఉలి ఆడించాను. అరచేతులు బొబ్బలెక్కినా నొప్పి తెలియలేదు, చాలా ఏళ్ల తరువాత నేను నేనుగా ఉన్నట్టు అనిపించింది. సాయంత్రం నాయన మంచం మీది నుంచే అడిగాడు.

"పైన కొలిచినావామ్మా, కింద కొలిచినావా?"

"అన్నీ కొలిచినాన్లే నాయనా, నువ్వు పండుకో," అన్నాను, తల కూడా ఎత్తకుండా.

రెండో రోజు పొద్దున గొర్రుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాం. పట్టుపట్టి నాయన కూడా బండిలో చేనికి వచ్చాడు. చిన్నాయన ఎద్దుల్ని అదిలించాడు, మా అమ్మ గింజలు వదులుతూ నడిచింది, తొలి వరస మూడు సాళ్లూ తాడు పట్టి గీసినట్టు పడ్డాయి. నేను గర్వంగా నాయన వైపు చూశాను. ఆయన మెల్లగా గట్టు దిగి, సాళ్ల పక్కన కూలబడి, బాగున్న ఎడమచేతిని నేల మీద పరిచాడు. జానెడు. నాలుగు వేళ్లు. ఆ తరువాత ఇంకో రెండు వేళ్లు కూడా ఆనించాడు.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమయింది. మొనల దగ్గరి దూరంలో వాలు అప్పటికే కలిసి ఉంది. ఆ దూరాన్ని పైన దిమ్మె మీద గీసి, మళ్లీ వాలుచెక్క పెట్టి తొలిచి, వాలును రెండోసారి కలిపాను. పైన పది అంగుళాల చిల్లర ఉండవలసిన చోట అడుగు పెట్టాను. పాకలో ఎదురుగా కూర్చుని నేర్చుకున్న పిల్ల చేయవలసిన తప్పు కాదు అది. మా ఇంటి గుంటక ఆ సాళ్లలో తోలితే ప్రతి సందులోనూ రెండు వేళ్లంత కలుపు మిగిలిపోతుంది, దిమ్మె చేయడానికి ఇంకో దుంగ లేదు, మర్నాటితో పదును అయిపోతుంది. ఏడుపు వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చిన్నాయన ఎద్దుల్ని నిలిపాడు.

"ఏమన్నా, ఆపేద్దామా? ఎల్లుండికి పదును యాడుంటాది?"

నాయన చేతికి అంటిన మట్టి పంచెకు తుడుచుకున్నాడు.

"తోలుప్పా. సాళ్లు ఎట్లుంటే అట్ల గుంటక చేసుకుందాం."

అంతే అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడ నిలబడలేకపోయేదాన్ని.

చేను మొత్తం ఆ పొద్దూ మర్నాడూ విత్తేశాం. మొలకలు వచ్చే లోపల నేను మళ్లీ పాకలో కూర్చున్నాను. ఈసారి నాయన మంచాన్ని పాకలోకే వేయించుకుని, నేను గీసిన ప్రతి గీతనూ ఎడమచేతి వేళ్లతో తడిమి చూశాడు. రెండు వేళ్లు ఎక్కువున్న గుంటకకు కొయ్యపని నేను చేస్తే, ఉరవకొండలో కమ్మరి పాత లారీ కమానుపట్టీతో దానికి సరిపడా కలుపు కోసే ఇనుపపాస సాగదీసి ఇచ్చాడు. ఆ గుంటక ఇంకెవరి చేనిలోకీ పనికిరాదు, ఇంకెవరి గుంటకా మా చేనిలోకి సరిపోదు. గుంటక అడిగి పట్టుకుపోయేవాళ్లకూ, అడిగితే ఇచ్చేవాళ్లకూ ఆ విధంగా మా ఇల్లు కొన్నాళ్లు దూరమైంది. ఊళ్లో ఎవరైనా సాళ్ల ఎడం చూసి ఇదేమిటని అడిగితే, ఎడంగా ఉంటే గాలి ఆడి కాయ కాసే ఊడలు నేలలోకి బాగా దిగుతాయనీ, తానే అట్లా చేయించాననీ నాయన ఎంతో తాపీగా చెప్పేవాడు. ఆయన మొహం చూసి అబద్ధమని పట్టుకున్నవాళ్లు లేరు. పంట విరగకాసిందని నేను చెప్పను, విత్తనం తిరిగి వచ్చింది, పశువులకు మేత మిగిలింది, మా వైపు అది మంచి ఏడే. మరుసటేడు పక్క చేనాయన వచ్చి ఆ కొలత తనకూ కావాలని అడిగినప్పుడు మాత్రం అమ్మా నేనూ వంటింట్లోకి పోయి నవ్వు ఆపుకోలేకపోయాం.

ఆ మరుసటేడే నేను ఇంకో తుమ్మదుంగ చూసి, కొలత సరిచేసి కొత్త దిమ్మె చేస్తానని నాయనతో అన్నాను.

"వద్దులేమ్మా. ఆ కొలతకు మన చేను అలవాటు పడినాది," అన్నాడు.

ఆయన ఉన్న నాలుగైదేళ్లూ అదే గొర్రుతో విత్తారు. ఆయన పోయాక చేను చిన్నాయన చూసుకున్నాడు, ఎద్దుల్ని అమ్మేశారు, ట్రాక్టరు వెనక కట్టే ఇనుప గొర్రు వచ్చింది. దానిలో సాళ్ల ఎడం మార్చాలంటే నట్టు వదులు చేసి, పన్నును పక్కకు జరిపి, మళ్లీ బిగిస్తే చాలు, టీ తాగేంత సేపు కూడా పట్టదు. కలుపుకు మందు కొడుతున్నారు గనుక గుంటకతో పనే లేదు. మంచిదే, మా అమ్మలా ఎండలో గింజలు వదులుతూ మైళ్లకు మైళ్లు నడిచే అవస్థ ఇంకొకరికి లేదు, అందుకు నాకు సంతోషమే. కానీ కొలత తప్పితే నట్టు తిప్పుకునే కాలం ఇది. బిడ్డ కొలత తప్పితే దానికి తగ్గట్టు గుంటకను మార్చుకుని, చేనును మార్చుకుని, ఊరికి అబద్ధం కూడా చెప్పి, ఆ తప్పునే తన పద్ధతి చేసుకున్న మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అరలు బిగించడం అయ్యాక వడ్రంగి ఎర్రచుక్క డబ్బాను జేబులో వేసుకుంటూ, కొలత నూలుపోగంత కూడా తేడా రాలేదు చూడండమ్మా అన్నాడు. నిజమే, తలుపులన్నీ ఒకదానికొకటి చక్కగా ఆనుకున్నాయి. అందరూ వెళ్లిపోయాక వాలుచెక్కను మళ్లీ సొరుగులో పెట్టబోతూ దాన్ని కొద్దిసేపు చేతిలో ఉంచుకున్నాను. అడిగినప్పుడు తల ఎత్తి జవాబు చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఇరవై ఏళ్లు దాటాక, కొత్త అరల ముందు ఒంటరిగా నిలబడి, ఆ ముక్కతోనే చెప్పుకున్నాను.

"కింద కొలిచినాను నాయనా."