నాన్న గురక ఆగినప్పుడల్లా

మా నాన్న గురక మా ఇంటికి గర్వకారణం. గాజువాక అవతల ఒక ఇనుప మిల్లులో ఆయన క్రేను ఆపరేటరు. నైటు షిఫ్టు ముగించుకుని వచ్చి, చద్దన్నం తిని పడుకున్నాడంటే ఆ చప్పుడు వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినబడేది. కష్టపడే మనిషికి పట్టే ఒళ్ళెరగని నిద్ర అదేనని అందరం ముచ్చటపడేవాళ్ళం.

మా వీధిలో ఇంటికొక షిఫ్టు మనిషి ఉండేవాడు. పగటి నిద్రంటే అక్కడ అందరికీ భయభక్తులు. నాన్న పడుకున్న వేళ కుక్కరు ఈల వేస్తుందని అమ్మ అన్నం గిన్నెలోనే వార్చేది. పక్కింటివాళ్ళు రోట్లో పచ్చడి సాయంత్రానికి వాయిదా వేసుకునేవారు. ఇంత జాగ్రత్త పడే అమ్మే, ఆయన పక్కన చాప మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని, ఉన్నట్టుండి ఆయన భుజం పట్టుకుని కుదిపేది. గురక పెడుతున్నంతసేపూ ఊరుకునేది, గురక ఆగితే కుదిపేది. పదో తరగతికి వచ్చాక నాకు నోరు బాగా లేచింది. ఆయన ప్రశాంతంగా పడుకుంటే నీకు కళ్ళమంటా అని నానా మాటలూ అన్నాను. ఆమె మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగేది.

గురకకు మందులు చెప్పనివాళ్ళు లేరు. అమ్మమ్మ ముక్కులో గోరువెచ్చని నెయ్యి చుక్కలు వేసింది. మావయ్య ఎగ్జిబిషన్‌లో ముక్కుకు పెట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు కొన్నాడు. అది మొదటి రోజే తుమ్ముకు ఎగిరిపోయింది. గడ్డం కింద కట్టుకునే పట్టీ వచ్చింది. అది కట్టుకుంటే నాన్న పంటినొప్పి మనిషిలా కనబడేవాడు. వీటన్నిటిలోకీ నేను మెచ్చింది మా బజారు దర్జీ పనితనాన్ని. వెల్లకిలా పడుకుంటేనే గురక ఎక్కువని ఆ సాయిబుగారికి ఎవరు చెప్పారో గానీ, నాన్న బనీనుకు వీపు మధ్యన ఖాకీ గుడ్డతో జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టాడు. వెల్లకిలా తిరిగితే బంతి పొడిచేది, పక్కకి తిరిగేవాడు. గురక సగానికి సగం తగ్గింది. అయినా నాన్న బస్సులో నిలబడే నిద్రపోయేవాడు.

తర్వాత ఒక రోజు పొద్దున్న ఆయన అన్నం ముందు కూర్చుని తినలేదు. క్రేను మీద కునుకు పట్టిందనీ, కిందివాళ్ళ ఈలకి మెలకువ వచ్చిందనీ అమ్మతో మెల్లగా చెప్పాడు. అప్పుడు కొక్కేనికి బరువు లేదు కాబట్టి సరిపోయిందన్నాడు. అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"బావా, కింద నుంచి ఎవులు సెయ్యెత్తి ఆపమన్నా ఆపెయ్యాలని నువ్వే సెప్తావు గదా. నాను ఎత్తుతన్నాను. ఆపెయ్."

నిజంగానే చెయ్యెత్తింది. నాన్న చాలాసేపు ఆ చెయ్యి వైపే చూశాడు. మర్నాడు ఎవరూ అడక్కుండానే ఫోర్‌మన్ దగ్గరకు వెళ్ళి, నాకు నిద్ర వస్తోంది, క్రేను ఎక్కనని చెప్పాడు. ఇరవై ఏళ్ళు పైన కూర్చున్న మనిషి ఈల పట్టుకుని కింద బరువులు కట్టే ఖలాసీల మధ్య నిలబడ్డాడు. కుర్రాళ్ళు వెక్కిరిస్తే మాట పడ్డాడు. మా నాన్న చేసిన పనులన్నిటిలో నాకు గొప్పది అదే.

సీతమ్మధారలో ఒక డాక్టరు ఆయనకు ఒళ్ళంతా వైర్లు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టాడు. గురక మధ్యలో ఊపిరే ఆగిపోతోందనీ, నిద్ర చాలడం లేదనీ తేల్చాడు. ఇంట్లో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అని అడిగాడు.

"నాను సూశాను బాబూ. ఆగినప్పుడల్లా నానే లేపుతాను," అంది అమ్మ.

ఎన్నాళ్ళుగా అంటే, ఎనిమిదేళ్ళంది. పగలు కూర్చుని, నైటు షిఫ్టు లేని రాత్రులు ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని. బయటికి చెబితే క్రేను పని పోతుందని భయపడిందట. అంత భయపడిన మనిషే చివరికి తనంతట తాను చెయ్యెత్తి ఆయన్ను దింపింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే, గొట్టమూ మాస్కూ ఉన్న చిన్న మిషను ఇంటికొచ్చింది. దాని పుణ్యాన కొన్ని నెలలకు నాన్న మెడికల్ పరీక్ష పాసై మళ్ళీ క్రేను ఎక్కాడు. కానీ నాకు మిషను వచ్చిన తొలి ఆదివారమే గుర్తుంటుంది. మధ్యాహ్నం నాన్న మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. అమ్మ ఒక అరగంట పక్కనే కూర్చుని చూసింది.

"కాసేపు నువ్వు సూడమ్మా, నాను పడుకుంటాను," అంది.

దీపాలు పెట్టే వేళ దాకా అమ్మ లేవలేదు. అంతసేపూ నేను మంచినీళ్ళకైనా చాప మీంచి కదల్లేదు. మిషను పనిచేస్తోందని తెలుసు. అయినా ఒక్క ఊపిరి కాస్త ఆలస్యమైతే చాలు, నా చెయ్యి నాన్న భుజం మీదికి పోయేది.