హంసలదీవి దారికి తాడు

ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో ఒక కార్తీకంలో, పూర్వం యాత్రికులు హంసలదీవికి సముద్ర స్నానానికి నడిచి వెళ్ళిన కృష్ణా కరకట్ట మీదుగా సైకిళ్ళపై వెళ్ళాలని నేనూ నా స్నేహితుడూ అనుకున్నాం. భవానీపురంలో మా ఇంట్లో పటం పరిచి, కంకర దారి ఎక్కడ తెగిందో, రాత్రుళ్ళు ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టాను. దివిసీమలో పుట్టిన అమ్మమ్మ వచ్చి చూసింది.

“తాడు పెట్టుకున్నార్రా?”

“సామాన్లకి రబ్బరు పట్టీలున్నాయండీ,” అన్నాడు నా స్నేహితుడు.

“సామాన్లకి కాదు నాయనా. ఉప్పెనొస్తే మిమ్మల్ని చెట్టుకి కట్టుకోడానికి. డెబ్భై ఏడు ఉప్పెనలో మా చెల్లెలికి తాడు చాల్లేదు.”

వాడు నవ్వబోయి ఆగాడు. ముందు గదిలో రేడియో బంగాళాఖాతంలో వాయుగుండమని చెబుతోంది. చివరి మజిలీ చుట్టూ పటంలో చెట్ల కోసం వెతికాను. అన్నీ ఇసుక చుక్కలే.

మానేద్దామని ముందు నేనే అన్నాను.