విత్తనానికి దాచిన చపాటకాయలు

మా అవ్వగారి ఊరు జమ్మికుంట దగ్గర. అక్కడ పండే చపాట మిరపను మొదటిసారి చూసినవాళ్ళు అది మిరపకాయ అంటే నమ్మరు. పొడుగ్గా ఉండదు. చిన్న టమాటాలా గుండ్రంగా, మడతలు పడి, దళసరి తోలుతో ఉంటుంది. కారం తక్కువ, చివర కొంచెం తీపి. మామిడికాయ తొక్కులో ఆ పొడి పడితే ఏడాది తిరిగినా ఎరుపు తగ్గదు. పండుకాయను చింతపండుతో నూరితే ఆ పూటకు వేరే కూర అక్కర్లేదు. అసలు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. మా నానమ్మ కాపురానికి వస్తూ విత్తనం కొంగున కట్టుకొచ్చిందని నన్ను కన్న అవ్వ అనేది, అంతే.

నేను ఖానాపూర్‌కు కాపురానికి వెళ్ళేటప్పుడు అవ్వ నాకూ అట్లాగే కట్టిచ్చింది.

అత్తగారింట్లో కళ్ళు మండే సన్నకాయ తినేవాళ్ళు. మొదటి ఏడు నేను చపాట పచ్చడి నూరితే మా ఆడబిడ్డ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "వదినె, గిది మిరపకాయనా, గుమ్మడికాయనా?" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఎవరు ఎక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అయినా ఏటా పెరట్లో ఒక మడి పెట్టాను. మంచి కాయలు ఏరి, తొడిమలు తీయకుండా ఎండబెట్టి, పాత చీర పేలికలో మూటగట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేదాన్ని. పొగ తగిలితే పురుగు పట్టదు. అది విత్తనం మూట అని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒక ఎండాకాలం అవ్వ చనిపోయింది. దినాలు అయ్యాక మా అన్న భార్యను చపాట విత్తనం అడిగాను.

"ఎక్కడిదే పిల్లా? అత్తమ్మ మంచాన పడ్డంక ఎవలు పెట్టిండ్రు? ఇప్పుడంత పత్తే," అంది వదినె.

నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో నా మూట ఉంది కదా అనుకున్నాను. బస్సులో దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

ఇంటికి రాగానే అత్త కాళ్ళకు నీళ్ళిచ్చి, జొన్నరొట్టె మీద కారప్పొడి వేసి పెట్టింది. ఆకలి మీద ఉన్నాను. వెల్లుల్లి వాసనతో కమ్మగా ఉంది.

"మంచిగుంది అత్తమ్మా. దేంతోని కొట్టిండ్రు?" అని నేనే అడిగాను.

"నీ చపాటదే. పిల్లను చూడనీకి ఆదిలాబాద్ నుంచి వచ్చిండ్రు. కోడికూర ఎర్రగుండాలె గద. తోలు కూరలేసిన. గింజలు పారేసుడెందుకని ఏంచి ఎల్లిపాయతోని కొట్టిన."

"గింజలన్నీ ఏంచిండ్రా?"

"అన్నీ. ఏమాయె? మీ అవ్వగారింట్ల ఉండయా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆడబిడ్డ అందుకుంది. "కూర రంగు చూసి మస్తు మెచ్చుకున్నరు వదినె. నా సంబంధం కుదిరినట్టే."

"ఎవరి కాయనో వాళ్ళకు చెప్పిండ్రా?"

"కాయ ముచ్చట ఎవలడుగుతరు?" అని నవ్వింది.

దూలం వైపు చూశాను. మేకు ఉంది, మూట లేదు. చేతిలో రొట్టె ఉంది. తిన్నాను. అత్త ఇంకొకటి వేస్తే అదీ తిన్నాను. రుచి తెలియలేదు.

ఆ తర్వాత ఏటా తొక్కు పెట్టే రోజుల్లో అత్త "రంగు వస్తలేదు" అనేది. నేను "చపాట లేదు" అనేదాన్ని. మా మధ్య ఆ సంగతి అంతవరకే.

కొన్నేళ్ళకు ఆమె ఎవరితోనో జమ్మికుంట అంగడి నుంచి చపాటకాయలు తెప్పించింది. తొడిమలతో సహా పాత పేలికలో కట్టి, నాతో ఏమీ అనకుండా, అదే మేకుకు వేలాడదీసింది. పొద్దున లేచి చూశాను. ఒక కాయ తుంచి వాసన చూశాను. చపాటే. మా అవ్వ చేతిది కాదు.

మూట దింపాను. తొడిమలు తీసి, గింజలు దులిపి, పెనం మీద వేయించి, అన్నీ కలిపి రోట్లో పోశాను. రోకలి చప్పుడు విని అత్త వచ్చి నిలబడింది.

"గవి ఇత్తునానికి తెప్పిచ్చిన పిల్లా," అంది మెల్లగా.

"ఎరుకే అత్తమ్మా. ఏమాయె?" అన్నాను.

రోకలి ఆపలేదు. ఆ ఏడు తొక్కు ఎర్రగా వచ్చింది.